వైస్ ముందు, గ్రైండర్ తర్వాత
(కత్తుల తయారీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు కాస్త ముందుకి రండి, ఇక్కడ చోటుంది. ఇవాళ చూపించాల్సినవన్నీ చిన్న చిన్నవి, దూరానికి కనపడవు.

ముందు ఈ పొట్లం చూడండి. (కాగితం పొట్లం విప్పుతూ) ఇది ఇనుప రజను. నిన్న ఒక కత్తికి రెండు పక్కలా వాలు తీశాను, అంటే అంచు వైపుకి సన్నబడేలా అరగదీశాను, అప్పుడు కింద రాలిన పొడి. ఊడ్చి తెచ్చాను. అలుగు పొడవు 10 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు. ఆ కత్తి వాలు కోసం నేను తీసిన ఇనుమంతా ఇదే. అరచేతిలో పోసుకుంటే గుంట కూడా నిండదు.

నమ్మకపోతే లెక్క చూడండి. పట్టీ మందం 3 మిల్లీమీటర్లు. అంచు దగ్గర 1 మిల్లీమీటరు మిగిలేదాకా అరగదీయాలి. అంటే ఒక్కో పక్క అంచు దగ్గర తీసేది 1 మిల్లీమీటరు. పైకి పోయేకొద్దీ అది తగ్గుతూ 20 మిల్లీమీటర్ల ఎత్తుకి వచ్చేసరికి సున్నా అవుతుంది. ఆ సన్నటి ముక్కోణపు చీలికని 10 సెంటీమీటర్ల పొడవుకి లెక్కేస్తే ఒక ఘన సెంటీమీటరు. ఉక్కు ఘన సెంటీమీటరుకి దాదాపు 7.85 గ్రాములు తూగుతుంది. రెండు పక్కలా కలిపితే 16 గ్రాములు కూడా రాదు.

ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ గ్రైండర్ కొనమంటారండీ?" కరెంటుతో తిరిగే బెల్టు మీద ఇనుముని అరగదీసే మిషన్ గురించి వాళ్లడిగేది. గ్రైండర్ కొనే స్తోమత వచ్చాక మొదలుపెడదామని ఏళ్లకేళ్లు ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. చేతిలో కళ ఉంది, మనసులో కోరిక ఉంది, అయినా ఆగిపోయారు. వాళ్లని తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే వాళ్లని ఆపింది ఈ పొట్లంలో ఉన్నంత ఇనుము.

కత్తి చేయడానికి రెండు దారులున్నాయి. కొలిమిలో కాచి, దాగలి మీద పెట్టి, సుత్తితో సాగగొట్టడం ఒకటి. ఉక్కు పట్టీ తీసుకుని అక్కర్లేనిదంతా కోసేసి, అరగదీసి, మిగిలినదాన్ని కత్తి చేయడం రెండోది. దీన్ని స్టాక్ రిమూవల్ అంటారు. అమెరికాలో బాబ్ లవ్‌లెస్ అనే ఆయన ఈ పద్ధతిలో చేసిన కత్తులతోనే దీనికి పెద్ద పేరొచ్చింది. నేనివాళ ఈ రెండో దారి గురించే మాట్లాడతాను. కొలిమి పని తక్కువదని కాదు, నాకది ప్రాణం. కానీ సుత్తి పని ఎంత బాగా చేసినా చివరికి ఆకురాయి దగ్గరికి రాక తప్పదు. ఆకురాయి నేర్చుకున్న చెయ్యి రేపు ఏ దారిలో వెళ్లినా పనికొస్తుంది.

సరే. మొట్టమొదటి డబ్బు దేనికి పెట్టాలి? వైస్‌కి. బెంచీకి బిగించే ఇనుప వైస్. నేనివాళ చెప్పేదాంట్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఇనుముని కోసే పనిముట్ల గురించి అందరూ మాట్లాడతారు. దాన్ని కదలకుండా పట్టుకునే పనిముట్టు గురించి ఎవరూ మాట్లాడరు.

ఆకురాయికున్న పళ్లు చూడండి, ఒక్కోటీ ఒక చిన్న ఉలి. ఉలి కోయాలంటే కింద ఉన్నది నిలకడగా ఉండాలి. పట్టీ అదిరిందనుకోండి, పన్ను దిగదు, పైపైన జారుతుంది. కీచుమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వచ్చినంతసేపూ మీ ఆకురాయి అరుగుతోంది, కత్తి అరగడం లేదు. కొత్తవాళ్లు ఆకురాయి మంచిది కాదని మార్చేస్తుంటారు. నేను వెళ్లి వైస్ పట్టుకుని ఊపితే బల్లతో సహా ఊగుతుంది.

వైస్ కొనేటప్పుడు దవడల వెడల్పు 4 అంగుళాలకి తగ్గకుండా చూడండి, 5 ఉంటే ఇంకా మంచిది. దవడలు మూసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. సందులోంచి వెలుతురు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కనపడితే వదిలేయండి. సగం దాకా తెరిచి, కదిలే దవడని చేత్తో పట్టుకుని పక్కలకి ఊపండి. కొద్దిగా ఆట ఉంటుంది, అది ఫర్వాలేదు. లొడలొడలాడితే మాత్రం వద్దు. అడుగు భాగం గుండ్రంగా తిరిగే రకాలు చూడ్డానికి బాగుంటాయి. తిరగనిదే గట్టిదని నా అభిప్రాయం. పాతది దొరికితే ఇంకా మంచిది, పైన తుప్పు పట్టినా సరే, మర తిరుగుతూ దవడలు పగలకుండా ఉంటే చాలు.

బల్లకి బిగించేటప్పుడు చెక్క స్క్రూలు వాడకండి. బల్ల చెక్కలోంచి అవతలికి దూరేలా బోల్టులు వేసి, కింద వాషర్లు పెట్టి నట్లు బిగించండి. బల్ల తేలికగా ఉంటే కింద అరలో ఇసుక బస్తా పెట్టండి. ఇక ఎత్తు. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. (చూపిస్తూ) ఇదిగో, మోచేతి కొస ఎక్కడుందో దవడల పైభాగం అక్కడికి రావాలి. అంతకంటే కిందకుంటే నడుం వంగిపోతుంది, గంటకే నొప్పి మొదలవుతుంది. పైకుంటే భుజాలు పైకి లేచి బలం పోతుంది. ఇంకొకటి: వైస్ దవడల మీద గాట్లుంటాయి, అవి కత్తి మీద పడితే తీయడానికి ఒక పూట పడుతుంది. అల్యూమినియం రేకునో రాగి రేకునో వంచి దవడలకి తొడుగులా వేసుకోండి.

వైస్ తర్వాత క్లాంపులు. ఎన్ని ఉన్నా చాలవు, నాలుగుతో మొదలుపెట్టండి. వాటితోపాటు ఒక చెక్క పలక. కత్తి వెడల్పుంటే చాలు, పొడవు కత్తికంటే కొంచెం ఎక్కువుండాలి. ఆ పలకని వైస్‌లో బిగించి, దాని మీద కత్తిని పరుండబెట్టి, పిడి వైపు క్లాంపులు వేస్తే, మొన దాకా కింద ఆసరా ఉంటుంది. వాలు తీసేటప్పుడు మొన గాల్లో తేలుతుంటే అది వంగుతూ లేస్తూ ఉంటుంది, అక్కడ వాలు ఎప్పటికీ సమంగా రాదు. దమ్మిడీ ఖర్చు లేని ఈ చెక్క ముక్క నాకెంత సాయం చేసిందో చెప్పలేను.

పట్టు గురించి ఇంత ఎందుకు నొక్కి చెబుతున్నానో కూడా చెప్పాలి. (ఎడమ చెయ్యి పైకెత్తి) ఈ బొటనవేలి మొదట్లో గీత కనపడుతోందా? నా మూడో కత్తి అది. పిడికి పిన్నుల కోసం రంధ్రాలు వేస్తున్నాను. మొదటి రెండు రంధ్రాలకి క్లాంపు వేశాను. మూడోది ఒక్కటే కదా అని ఎడమ చేత్తో పట్టుకుని డ్రిల్ దించాను. రంధ్రం అవతలికి దిగే క్షణంలో బిట్ అంచు పట్టీని పట్టేసింది. పట్టీ మొత్తం గిర్రున తిరిగింది. ఎంత వేగంగా అంటే, చెయ్యి తీసేయాలన్న ఆలోచన వచ్చేలోపే అయిపోయింది. అప్పటికి అంచు ఇంకా పదును పెట్టలేదు, మందంగానే ఉంది, అందుకే వేలు దక్కింది. డ్రిల్ పూర్తిగా దిగేటప్పుడే ఎక్కువ ప్రమాదం, అది గుర్తుంచుకోండి. చిన్న ముక్క, పెద్ద ముక్క అని చూడకండి, ఒక్క రంధ్రమైనా క్లాంపు వేయండి. డ్రిల్ దగ్గర చేతికి గ్లౌజులు కూడా వద్దు, గుడ్డ చుట్టుకుంటే చేతిని లోపలికి లాగేస్తుంది.

ఇప్పుడు ఆకురాళ్లు. మూడు చాలు. ఒకటి బల్లపరుపుది, 12 అంగుళాలది, రెండు వరసల పళ్లు అడ్డదిడ్డంగా కోసుకుంటూ ఉండేది. డబుల్ కట్ బాస్టర్డ్ అని అడగండి. ఇది ఇనుముని తీసేది. రెండోది 10 అంగుళాలది, ఒకే వరస పళ్లున్న సింగిల్ కట్, పళ్లు ఇంకా సన్నగా ఉండే సెకండ్ కట్ కానీ స్మూత్ కానీ. ఇది మొదటిది చేసిన గీతల్ని పోగొట్టేది. మూడోది అర్ధచంద్రం, ఒక పక్క చదును, ఒక పక్క గుండ్రం. పిడి దగ్గర వేళ్లు పట్టే వంపులకి అదే కావాలి. పన్నెండు ముక్కల సెట్లు పెట్టెలో పెట్టి అమ్ముతుంటారు, వాటి జోలికి పోకండి. ఆ డబ్బుతో మంచివి మూడు వస్తాయి.

కొనేటప్పుడు ఆకురాయిని వెలుతురులో పక్కకి వంచి చూడండి. పళ్ల కొసలు తళుక్కుమంటే అవి అప్పుడే మొద్దుబారాయి. మంచి పన్ను వెలుతురుని తిప్పి కొట్టదు. బూడిద రంగులో ఉంటుంది. ఇంటికి తెచ్చాక ఒకదానిమీద ఒకటి గలగలమని డబ్బాలో పడేయకండి, గుడ్డలో చుట్టి విడివిడిగా పెట్టుకోండి. వాటి పళ్లు గట్టివే, కానీ గాజులా పెళుసు.

ఇది చూడండి, దీనికి పిడి లేదు, కేవలం మొనదేలిన తోక ఉంది. చాలామంది ఇలాగే వాడేస్తారు. ఆకురాయి ఎక్కడైనా తట్టుకుని ఒక్కసారి ఆగిందంటే, మీ ఒంటి బరువంతా ఆ మొన మీద పడి అరచేతిలోకి దిగుతుంది. చెక్క పిడి తొడగనిదే ఒక్క రాపిడి కూడా వద్దు.

ఇప్పుడు రాపిడి చూపిస్తాను. (వైస్ దగ్గరకు వెళ్లి) ముందుకి తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు కోయదు. కాబట్టి ముందుకి నొక్కి తోయండి, వెనక్కి ఎత్తేసి తెచ్చుకోండి. చేతులతో తోయకండి, కాళ్లు ఎడంగా పెట్టి నడుం నుంచి వెళ్లండి. వినండి... (రాపిడి చప్పుడు) ఈ చప్పుడు బొంగురుగా, ఒకే తీరుగా ఉంది కదా? పళ్లు దిగుతున్నాయన్నమాట. ఇప్పుడు నెమ్మది చేసి కాస్త వదులుగా పడతాను... (కీచుమని చప్పుడు) తేడా తెలిసిందా? చెవి మొదటి వారంలోనే నేర్చుకుంటుంది, కంటికి ఇంకొంచెం టైం పడుతుంది.

వాడే ముందు ఆకురాయి మీద సుద్దముక్క రుద్దండి. పళ్ల సందుల్లో సుద్ద నిండితే ఇనుప ముక్కలు అక్కడ ఇరుక్కోవు. ఇరుక్కున్న ముక్క ఒకటి చాలు, నున్నగా వచ్చిన చోట లోతుగా గీత పడుతుంది. ఇరవై ముప్ఫై రాపిళ్లకోసారి వైరు బ్రష్షుతో పళ్ల వాలు వెంబడే దులపండి. ఇంకో ముఖ్యమైన సంగతి. ఉక్కు పట్టీ మీద నల్లగా పొలుసు ఉంటే దాని మీద ఆకురాయి పెట్టకండి. ఆ నల్ల పొర చాలా గట్టిది, కొత్త ఆకురాయిని ఒక్క పూటలో పాడుచేస్తుంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పొద్దున్నే రుద్దితే ఆ పొర వదిలిపోతుంది.

చెయ్యి నిలకడ రావట్లేదు, వాలు గుండ్రంగా పోతోంది అంటారా? దానికి చిన్న ఏర్పాటు ఉంది. ఒక నిలువు చెక్కకి కన్ను ఉన్న బోల్టు బిగించి, ఆ కన్నులోంచి సన్నటి ఇనుప కడ్డీ దూర్చి, కడ్డీ ఇవతలి కొసకి ఆకురాయిని కట్టేస్తే, ఎన్నిసార్లు తోసినా ఒకే కోణంలో వెళ్తుంది. కన్ను ఎత్తు మారిస్తే కోణం మారుతుంది. ఫైలింగ్ జిగ్ అంటారు. మొదటి కత్తికి ఇది వాడడంలో తప్పేమీ లేదు. కొందరు ఇదేదో దొంగదారి అన్నట్టు మాట్లాడతారు, నాకది నచ్చదు. మొదటి కత్తి సమంగా వస్తేనే కదా రెండోదానికి ఉత్సాహం.

కొలతల దగ్గరికి వస్తే, స్టీలు స్కేలు, మూలమట్టం, గీత గీయడానికి మొనదేలిన సూది, సెంటర్ పంచ్, ఒక నల్ల మార్కర్ పెన్ను. మందం కొలవడానికి వెర్నియర్ ఉంటే మంచిది. వీటి గురించి ఎక్కువ చెప్పను కానీ ఒక్క చిట్కా చూపిస్తాను. వాలు తీసేటప్పుడు అంచు మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియకపోవడమే కొత్తవాళ్ల పెద్ద కష్టం. ఒక పక్క ఎక్కువ తీసేస్తారు, అంచు పక్కకి జరిగిపోతుంది. దానికి విడిగా పరికరం అమ్ముతారు, అక్కర్లేదు. ఇదిగో 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్. దీని మొన సరిగ్గా మధ్యలో ఉంటుంది, అంటే చదునైన గాజు పలక మీద పడుకోబెడితే మొన 2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంచుకి నల్ల మార్కర్ పూసి, 3 మిల్లీమీటర్ల పట్టీని అదే గాజు మీద పడుకోబెట్టి, అంచు పొడవునా ఈ మొనతో గీయండి. ఇప్పుడు పట్టీని బోర్లా తిప్పి మళ్లీ గీయండి. రెండు గీతలు పడ్డాయా? వాటి మధ్య సరిగ్గా 1 మిల్లీమీటరు. ఒక్కో గీత ఒక్కో పక్కకి హద్దు. గీత దాకా తీయండి, దాటకండి. (పట్టీ ముందు వరసకు అందిస్తూ) చేతులు మారనివ్వండి, అందరూ చూడండి. ఈ గీతలు మొదటిసారి చూసిన రోజు నాకు పండగలా అనిపించింది.

అంచు దగ్గర ఒక మిల్లీమీటరు ఎందుకు మిగల్చాలి, అప్పుడే సన్నగా చేసేస్తే పోలేదా అంటే, తర్వాత కత్తి గట్టిపడడానికి కాచి నూనెలో ముంచేటప్పుడు సన్నటి అంచు మెలితిరుగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. అందుకని మిగల్చాలి.

కోయడానికి హాక్సా ఫ్రేము, బై-మెటల్ బ్లేడ్లు. 3 మిల్లీమీటర్ల పట్టీకి అంగుళానికి 24 పళ్లున్నది తీసుకోండి, ఎందుకంటే మందంలో ఎప్పుడూ రెండు మూడు పళ్లు ఆనుతూ ఉండాలి. అంతకంటే పెద్ద పళ్లయితే అంచుకి తట్టుకుని విరుగుతాయి. పళ్లు ముందుకి చూసేలా బిగించండి. వంపులున్న చోట గీత వెంబడి వరసగా రంధ్రాలు వేసి, మధ్యలో మిగిలిన ముక్కల్ని కోసేస్తే సరిపోతుంది. డ్రిల్‌కి మామూలు చేతి మిషన్ చాలు, స్టాండు ఉంటే రంధ్రం నిటారుగా వస్తుంది. రంధ్రం చోట పంచ్‌తో ముందు చుక్క కొట్టండి, చుక్క నూనె వేయండి, నెమ్మదిగా తిప్పండి. రంధ్రాలన్నీ ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే వేసేయాలి. గట్టిపడ్డాక బిట్ దిగదు.

చేత్తో పట్టుకుని వాడే, చక్రం తిరిగే యాంగిల్ గ్రైండర్ ఇంట్లో ఉంటే ఆకారం కోసుకోవడానికి వాడుకోవచ్చు. గార్డు తీయకుండా, కళ్లద్దాలతోపాటు ముఖానికి అడ్డం పెట్టుకుని వాడండి. దాంతో వాలు తీద్దామని మాత్రం చూడకండి. ఒక్క క్షణం చెయ్యి వాలితే పడే గుంటని పూడ్చే ఉపాయం లేదు.

ఇక ఉక్కు. మొదటి కత్తికి 1084 అనే రకం తీసుకోమంటాను. కార్బన్ 0.8 నుంచి 0.93 శాతం మధ్య ఉంటుంది. దీన్ని కాచి చల్లార్చడం మిగతావాటికంటే తేలిక, చిన్న పొరపాట్లని ఓర్చుకుంటుంది. 1095 కూడా మంచిదే కానీ దానికి చాలా వేగంగా చల్లార్చే నూనె కావాలి. మామూలు ఇనుప పట్టీ, కిటికీ ఊచల ఇనుము వద్దు, అందులో కార్బన్ తక్కువ, ఎంత కాచినా గట్టిపడదు. స్టెయిన్‌లెస్‌కి 1000 డిగ్రీల పైన, అదీ నిమిషాల లెక్కన నిలపాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు. పారేసిన లారీ కమాను పట్టీ దొరికిందని సంబరపడేవాళ్లకి ఒక మాట. ఉక్కు మంచిదే, కానీ ఏళ్ల తరబడి బరువు మోసింది కాబట్టి లోపల కంటికి కనపడని పగుళ్లుండొచ్చు. నెలరోజుల పని చివర్లో పగులు బయటపడితే ఆ దుఃఖం ఇంతా అంతా కాదు. జింకు పూత ఉన్న ఇనుముని మాత్రం మంటలో పెట్టనే కూడదు. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి.

కాచడం దగ్గరికి వచ్చాం. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అని 1976లో మొదలైన సంఘం ఒకటుంది. బిల్ మోరన్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. మాస్టర్ స్థాయికి ముందు జర్నీమన్ అనే స్థాయి ఉంటుంది. వాళ్ల జర్నీమన్ పరీక్షలో అభ్యర్థి చేసిన కత్తితో వేలాడదీసిన అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి తెగ్గొట్టాలి. తర్వాత 2x4 రకం చెక్క ముక్కని నరకాలి. ఆ తర్వాత కూడా అదే అంచుతో వెంట్రుకలు గీయగలగాలి. చివరికి అదే కత్తిని వైస్‌లో పెట్టి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. ఈ నాలుగింటికీ ఏ గ్రైండర్‌తో చేశావని ఎవరూ అడగరు. అంచు గట్టిగా, వెన్ను సాగేలా ఎలా కాచావన్నదే అక్కడ తేలుతుంది.

కాచడానికి కావాల్సిన పనిముట్లు తక్కువే. మంటకి తట్టుకునే మెత్తని ఇటుకలు రెండు, గ్యాస్ టార్చి, పొడవాటి పటకారు, మూత ఉన్న ఇనుప డబ్బా నిండా వంటనూనె, ఒక అయస్కాంతం. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. 1084కి కావాల్సింది 815 దాకా. అంటే అయస్కాంతం వదిలాక ఇంకొంచెం, ఎరుపు ఒక ఛాయ తేలికయ్యేదాకా కాచి, 50 డిగ్రీల దాకా వెచ్చబెట్టిన నూనెలో మొన నిటారుగా దించాలి. అటూ ఇటూ ఊపకూడదు, ముందుకీ వెనక్కీ కోస్తున్నట్టు కదపాలి. ఎర్రగా ఉన్న అలుగు పూర్తిగా మునగాలి, సగం బయట ఉంటే నూనెకి మంట అంటుకుంటుంది. ఆరుబయట చేయండి, మూత చేతికందేలా పెట్టుకోండి, ప్లాస్టిక్ డబ్బా దగ్గర్లో కూడా ఉండకూడదు. బండి ఇంజన్లోంచి తీసిన పాత ఆయిల్ వాడకండి, దాని పొగ విషం.

చల్లారాక పాత ఆకురాయిని అంచు మీద నెమ్మదిగా లాగి చూడండి. గాజు మీద లాగినట్టు జారిపోతే కత్తి గట్టిపడింది. ఆ జారుడు మొదటిసారి చేతికి తెలిసిన క్షణం కోసమే ఇంత పనీ చేయాలనిపిస్తుంది. కానీ అప్పుడది గాజంత పెళుసు కూడా, కింద పడితే రెండు ముక్కలే. ఆ పెళుసు తగ్గడానికి వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి, చల్లార్చి మళ్లీ రెండు గంటలు. ఇక్కడ ఒక చిన్న పనిముట్టు కొనమంటాను: ఓవెన్ లోపల పెట్టే థర్మామీటరు. బయట మర మీద రాసి ఉన్న అంకెకీ లోపలి వేడికీ 20, 30 డిగ్రీలు తేడా ఉండడం నేను చూశాను. ఇంట్లో కుదరనివాళ్లు హీట్ ట్రీట్‌మెంట్ చేసిచ్చేచోట ఇవ్వండి, అది చిన్నతనం కాదు. ఉక్కు రకం కాగితం మీద రాసి మరీ ఇవ్వండి.

నున్నబరచడానికి వాటర్ పేపరు 120, 220, 400, 600 నంబర్లు, దాన్ని చుట్టడానికి ఒక చదునైన చెక్క. ఒక నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతి నంబరుకి వెళ్లకండి. ఒక నంబరుకి ఒక దిక్కున రుద్దితే, మునుపటి గీతలు ఇంకా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. పిడికి చెక్కలు, ఇత్తడి పిన్నులు, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ. ఐదు నిమిషాల్లో ఆరేది కాకుండా, రాత్రంతా ఆరేది తీసుకోండి. అసిటోన్‌తో జిడ్డు తుడవండి, క్లాంపులు మరీ బిగించి జిగురంతా బయటికి పిండేయకండి. పదునుకి 400, 1000 నంబర్ల సానరాళ్లు, తోలు పట్టా. అంతే.

మాస్కు గురించి ఇప్పటిదాకా చెప్పలేదు, ఎందుకంటే విడిగా చెప్పాలి. వైస్ పాతది కొన్నా ఫర్వాలేదు, క్లాంపులు అరువు తెచ్చుకున్నా ఫర్వాలేదు. మాస్కు మాత్రం కొత్తది, మంచిది, ముక్కూ నోరూ పూర్తిగా మూసి పక్కన ఫిల్టర్లు బిగించే రకం, పీ100 ఫిల్టర్లతో కొనండి. గుడ్డ కట్టుకుంటే కంటికి కనపడే దుమ్మే ఆగుతుంది. ఊపిరితిత్తుల అడుక్కి వెళ్లేది కంటికి కనపడని దుమ్ము. పిడికి వాడే రోజ్‌వుడ్ లాంటి చెక్కల పొడి కొందరికి ఒంటికి పడదు, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. గడ్డం ఉంటే మాస్కు అంచు ముఖానికి ఆనదు, గాలి పక్కనుంచి దూరుతుంది. పేపరుని తడిపి రుద్దితే దుమ్మే లేవదు, అది ఇంకా మేలు. మా పనిలో పెద్దవాళ్లు కొందరు మెట్లెక్కితే ఆగి ఆగి ఊపిరి తీసుకోవడం నేను చూస్తూ పెరిగాను. మీలో ఒక్కరికి కూడా ఆ స్థితి రాకూడదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(శ్రోత: బెల్ట్ గ్రైండర్ అసలు కొననే వద్దంటారా సార్?)

వద్దనను. నా దగ్గరా ఉంది, 2 అంగుళాల వెడల్పు 72 అంగుళాల బెల్టుది. రోజూ వాడతాను. కానీ గ్రైండర్ మీ చెయ్యి ఎలా ఉంటే అలాగే చేస్తుంది, కాకపోతే వంద రెట్లు వేగంగా. ఆకురాయితో గీత దాటాలంటే పది రాపిళ్లు పడుతుంది, మధ్యలో ఆగి చూసుకోవచ్చు. బెల్టు మీద అర సెకను. పైగా గట్టిపడ్డ కత్తిని బెల్టు మీద పెట్టినప్పుడు అంచు వేడెక్కి నీలి రంగు తిరిగితే ఆ చోట వేడి 300 డిగ్రీల దగ్గరికి వెళ్లినట్టే, ఆ ముక్క మెత్తబడిపోయింది. ఐదు కత్తులు ఆకురాయితో చెయ్యమ్మా, ఐదోదాని వాలు రెండు పక్కలా ఒకే ఎత్తులో వచ్చిందా, అప్పుడు కొనుక్కో. అప్పటికి నీకు ఏ రకం కావాలో నువ్వే చెప్పగలుగుతావు.

(మరో శ్రోత: అరిగిపోయిన ఆకురాయితోనే కత్తి చేయొచ్చు అంటారు, నిజమేనాండీ?)

నిజమే బాబూ, మంచి ఆకురాయి ఉక్కు కార్బన్ ఎక్కువున్నదే. కానీ కొన్ని రకాలకి పైపొర మాత్రమే గట్టి, లోపల మెత్తని ఇనుము. ముందు కొసని గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, వైస్‌లో బిగించి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టు. పుటుక్కున విరిగి, విరిగిన చోట అంతా ఒకే తీరుగా సన్నటి బూడిద రంగు రవ్వలా కనపడిందా, పనికొస్తుంది. వంగిందా, లేదా అంచున ఒక రంగు, మధ్యలో ఒక రంగు ఉందా, పక్కన పడెయ్. పనికొచ్చినా దాన్ని ముందు ఎర్రగా కాచి బూడిదలో పూడ్చి, రాత్రంతా నెమ్మదిగా చల్లారనిచ్చి మెత్తబరచాలి. అప్పుడుగానీ హాక్సా దిగదు. రెండో కత్తికో మూడో కత్తికో చెయ్యి. మొదటిదానికి ఉక్కు రకం ఏమిటో తెలిసిన పట్టీ తీసుకో.

ఇంకెవరైనా? లేకపోతే ఇటు రండి. ఈ రెండు వైస్‌లలో పట్టీలు బిగించి ఉన్నాయి, అంచులకి నల్ల మార్కర్ పూసి గీతలు గీసి పెట్టాను. ఆకురాళ్లకి పిడులు తొడిగాను, సుద్ద పక్కనే ఉంది. ఎడమ వైపుదాన్ని కావాలనే కొంచెం వదులుగా బిగించాను. ముందు దాని మీద పది రాపిళ్లు తోసి, తర్వాత కుడి వైపుదాని మీద పది తోయండి. ఎవరు ముందు?